దాళ్వా, గెల, పూత: శివరాత్రి నుంచి భరణి కార్తె దాకా మంచు, గాలి సంగతులు

దాళ్వా డైరీ (పెనుమంట్ర) · ఫిబ్రవరి 18, రాత్రి 8:40

శివరాత్రి వెళ్లింది, చలి మాత్రం శివశివా అనడం లేదు. ఈ వారమంతా పొద్దున ఏడున్నర దాకా గట్టు మీద నిలబడితే పక్క చేను కనిపించలేదు. పంచె మోకాళ్ల దాకా తడిసిపోతోంది. అందుకే ఏటా ఉగాది ముందు పెట్టే చర్చను ఈసారి కాస్త ముందుకు జరిపాను.

మా దాళ్వా (రబీ) వరి చేను ఎంటీయూ 1121, శ్రీధృతి రకం. నవంబరు నాలుగో వారంలో నారు పోశాం, డిసెంబరు మూడో వారానికి నాట్లు అయ్యాయి. ఇప్పుడు పొట్ట మీద ఉంది, కాలువ పక్క మడిలో అక్కడక్కడా ఈనుతోంది. నా అంచనా ఇది. మార్చి మొదటి వారం దాకా మనకు మంచుతో పని, అంటే తెగుళ్లతో పని. ఆ తర్వాత దక్షిణం వైపు నుంచి వీచే పైరగాలి నిలదొక్కుకుని మంచు పోతుంది. ఉగాది దాటాక సాయంత్రాల్లో ఈదురుగాలుల భయం మొదలవుతుంది. మంచు వల్ల పాడయ్యే పంటను మందు కొట్టి కొంత నిలబెట్టుకోవచ్చు. గాలి వల్ల పోయేదానికి మందు లేదు. ముందుగా నాటుకోవడం ఒక్కటే దానికి విరుగుడు, ఆ అవకాశం డిసెంబరుతోనే పోయింది.

రాసేవాళ్లు మీ పైరు ఏ దశలో ఉందో, మీ ఊళ్లో గాలి ఎటు నుంచి వీస్తోందో, మంచు ఎన్ని గంటలకు విడుతోందో రాయండి. ఫోన్లలో తిరిగే రంగురంగుల పటాలు దయచేసి వద్దు.

శివారు చేను (ఉప్పలగుప్తం) · ఫిబ్రవరి 18, రాత్రి 9:15

మాకు నీరు ఆలస్యం, నాట్లు ఆలస్యం. సంక్రాంతి వెళ్లాక నాటాం మాస్టారూ. ఇంకా పిలకలు తొడుగుతోంది. గాలి తూర్పు నుంచి, అదీ ఆకు కదలనంత.

ఒక సందేహం. లంబసింగిలో గడ్డి మీద మంచు గడ్డకట్టిన వీడియో చూసి మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. మన దగ్గర కూడా అలా అయితే పైరు మాడిపోతుంది కదా నాన్నా అని అడిగాడు. నాకు సమాధానం తెలియలేదు. అంత దాకా వస్తుందా?

గాలిమర (అమలాపురం, ప్రస్తుతం విశాఖ) · ఫిబ్రవరి 18, రాత్రి 10:02

రాదు బాబాయ్ గారూ. నిశ్చింతగా ఉండండి.

మబ్బు లేని రాత్రి, గాలి ఆడనప్పుడు, ఆకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అలా చల్లబడుతూ ఒక స్థాయికి వచ్చేసరికి గాలిలోని ఆవిరి ఆకు మీద నీరుగా మారుతుంది. గ్రాము ఆవిరి నీరైతే సుమారు 590 కేలరీల వేడి బయటికి వస్తుంది. ఆ వేడి ఆకును ఇంకా చల్లబడనివ్వదు. మన దగ్గర ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కాలువలు, చెరువులు, నీళ్లు నిలిచిన మళ్లు. గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, పదిహేడు పద్దెనిమిది డిగ్రీల దగ్గరే మంచు తడి మొదలై చలి అక్కడే నెమ్మదిస్తుంది. సున్నా దరిదాపులకు పోయే వీలే లేదు.

లంబసింగి సంగతి వేరు. సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. చలికాలపు రాత్రి అక్కడి గాలిలో తేమ తక్కువ. కొండవాలు మీద చల్లబడ్డ బరువైన గాలి జారి లోయలో చేరుతుంది. అందుకే అక్కడ, చింతపల్లి వైపు, గడ్డి మీద తెల్లటి పొర కడుతుంది. అది డిసెంబరు, జనవరి ముచ్చట. ఆ వీడియో కూడా బహుశా అప్పటిదే.

కడియం మొక్క (కడియపులంక) · ఫిబ్రవరి 19, ఉదయం 6:50

గడ్డకట్టే మంచుతో మాకు పనుంది. ఇక్కడ కాదు, మొక్కలు వెళ్లే చోట. లారీలు పంజాబ్, హర్యానా, ఢిల్లీ వైపు పోతాయి. గోదావరి గాలికి పెరిగిన క్రోటన్లు, మనీప్లాంట్లు అక్కడ ఒక్క రాత్రి బయట ఉంటే చాలు, తెల్లారేసరికి ఆకు ఉడకబెట్టినట్టు నల్లబడుతుంది. డబ్బు రాదు, పైగా మాట పడాలి. నేను మెత్తని ఆకు మొక్కలను హోలీ దాటాకే ఎక్కిస్తాను. గులాబీలు, మామిడి అంట్లు కొంచెం ఓర్చుకుంటాయి.

అక్కడి రైతులు ఆ రాత్రులు చేనుకు నీరు పెడతారు. తడి నేల పగటి వేడిని ఎక్కువ సేపు పట్టి ఉంచుతుందని వాళ్ల అనుభవం. మనం మంచు కురిస్తే నీరు తీసేద్దామా అని ఆలోచిస్తాం. దేశం ఎంత పెద్దదో చూడండి.

కార్తె కబురు (కొవ్వూరు) · ఫిబ్రవరి 19, ఉదయం 9:30

మాఘమాసపు చలికి మాకులు కూడా వణుకుతాయన్నారు పెద్దలు. ఫాల్గుణం వచ్చాక కూడా ఇంత మంచు కురవడం మంచిదే. వరాహమిహిరుడి లెక్కలో మేఘం గర్భం ధరించిన 195 రోజులకు వాన ప్రసవిస్తుంది. ఈ రోజుల్లో పట్టిన మంచుకు సెప్టెంబరు మొదట్లో వానలు. రాసి పెట్టుకోండి. ఇక గాలి సంగతి అంటారా, మార్చి 4న పూర్వాభాద్ర కార్తె ప్రవేశం. అప్పటిదాకా పైరగాలి మాట ఎత్తవద్దు.

దాళ్వా డైరీ · ఫిబ్రవరి 19, ఉదయం 10:10

బాబాయ్ గారూ, సెప్టెంబరు మొదట్లో గోదావరి జిల్లాల్లో వాన పడుతుందని చెప్పడానికి వరాహమిహిరుడే రావాలా? నైరుతి ఉండగా ఎవరు చెప్పినా నిజమవుతుంది. కార్తె ప్రవేశం మాత్రం నేనూ గోడ మీద రాసుకుంటాను. అది సూర్యుడి నడక లెక్క కాబట్టి తప్పదు.

కార్తె కబురు · ఫిబ్రవరి 19, ఉదయం 10:25

నవ్వండి నవ్వండి.

మెట్ట మామిడి (ఏలేశ్వరం) · ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1:05

మేము డెల్టా కాదు, మెట్ట. అయినా మీ మంచు మా దాకా వస్తుంది కాబట్టి రాస్తున్నాను. పూత నిండుగా ఉంది, కొన్ని చెట్లు పిందె కట్టాయి. పూగుత్తి పట్టుకుని ఊపితే తేనెమంచు పురుగులు టపటపా ఎగురుతున్నాయి. కింది ఆకులు జిగురుగా ఉన్నాయి. వారం ఆగితే దాని మీద మసి పడుతుంది. గుత్తి కాడల మీద తెల్లటి పొడి కూడా కనిపించింది, బూడిద తెగులే. కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కలిపి కొట్టాను. పురుగు మందు మాత్రం పూర్తిగా విచ్చిన పూత మీద కొట్టలేదు. ఈగలు, తేనెటీగలు పోతే పిందె ఎక్కడిది?

గాలిమర గారికి ప్రశ్న: మంచు ఎప్పుడు ఆగుతుంది? తేదీ చెప్పండి.

గాలిమర · ఫిబ్రవరి 19, రాత్రి 7:48

తేదీ చెప్పలేను, గుర్తు చెప్తాను. పొగమంచుకు మూడు కావాలి: మబ్బు లేని రాత్రి, తడి నేల, దాదాపు నిలిచిపోయిన గాలి. మొదటి రెండూ మనకు మార్చిలోనూ ఉంటాయి. మారేది మూడోది. ఇప్పుడు తూర్పు నుంచో ఈశాన్యం నుంచో సన్నగా వీస్తోంది. మార్చి వచ్చేసరికి బంగాళాఖాతం మీద అధిక పీడనం కుదురుకుంటుంది. దాని పడమటి అంచున ఉన్న మన తీరానికి ఆగ్నేయం నుంచి, దక్షిణం నుంచి గాలి తోలుతుంది. మనం పైరగాలి అనేది అదే. అది రాత్రిపూట కూడా ఆగకుండా వీచడం మొదలైందంటే పొగమంచు కాలం అయిపోయినట్టే. మీరు రాత్రి పదింటికి బయట నిలబడి చూడండి. కొబ్బరాకు చప్పుడు చేస్తుంటే తెల్లారి మంచు పెద్దగా ఉండదు.

శివారు చేను · ఫిబ్రవరి 21, ఉదయం 8:20

చిన్న మచ్చలు చూశాను. ఆకు మీద నూలుకండె ఆకారం, మధ్యలో బూడిద రంగు, అంచు గోధుమ రంగు. అగ్గి తెగులేనా? యూరియా రెండో దఫా వేయాల్సిన సమయం ఇది.

దాళ్వా డైరీ · ఫిబ్రవరి 21, ఉదయం 8:55

అగ్గి తెగులే. యూరియా బస్తా మూట విప్పకండి, ముందు అది చెప్పనివ్వండి. రాత్రి చలి, పగలు ఎండ, తెల్లవారుజామున ఆకు మీద గంటల తరబడి తడి: ఈ తెగులుకు ఇంతకన్నా అనుకూలం ఇంకేమీ లేదు. దానికి తోడు యూరియా వేస్తే ఆకు మెత్తబడి మచ్చ మీద మచ్చ కలుస్తుంది. ట్రైసైక్లజోల్ లీటరుకు 0.6 గ్రాములు, లేదా ఐసోప్రోథయోలేన్ లీటరుకు 1.5 మిల్లీలీటర్లు. రెండూ కలిపి కొట్టవద్దు, దుకాణంలో అలా చెప్పినా సరే. మచ్చలు కొత్తగా రావడం ఆగాక యూరియా వేయండి.

కొట్టే సమయం కూడా ముఖ్యం. ఆకు మీద తడి ఉండగా కొడితే మందు జారి మడిలో పడుతుంది. తొమ్మిది దాటాక, ఆకు ఆరాక మొదలుపెట్టండి. నా చేను ఈనుతోంది కాబట్టి నాకు ఆ వెసులుబాటు లేదు. వరి పువ్వు విచ్చుకునేది పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం పన్నెండుకీ మధ్య. ఆ వేళలో పిచికారీ పడితే తాలు పెరుగుతుంది. నేను సాయంత్రం నాలుగు తర్వాతే కొడుతున్నాను. ఇదే తెగులు కంకి మెడకు సోకి మెడవిరుపు పడితే కంకి మొత్తం తెల్లబోతుంది, కాబట్టి మానడానికి లేదు.

ఏరేటర్ (భీమవరం) · ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 3:30

వరి వాళ్ల మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మంచు చెరువులనూ వదలదు. పొద్దు ఆలస్యంగా తగిలితే నీటిలోని నాచు ప్రాణవాయువు తయారు చేయడం ఆలస్యమవుతుంది. తెల్లవారుజామున నాలుగుకీ ఏడుకీ మధ్య రొయ్య గట్టు వెంట పైకి తేలుతుంది. నిన్న మా పక్క చెరువులో అదే చూశాను. మీసాలు నీటి పైన కదులుతున్నాయి, కాపలావాడు నిద్రలో ఉన్నాడు. ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఎనిమిది దాకా ఆపకండి. నీరు చల్లగా ఉన్నన్నాళ్లు తెల్లమచ్చ వైరస్ కూడా తొందరగా అంటుకుంటుంది. పిల్ల వేయడానికి నేను మార్చి దాకా ఆగుతాను.

మార్చిలో మా బాధ వేరు. గాలి ఒకే వైపు తోలితే చచ్చిన నాచంతా ఒక మూలకు చేరి కుళ్లుతుంది. పొద్దున్నే బుట్టతో ఎత్తి పోయడమే.

కడియం మొక్క · ఫిబ్రవరి 22, ఉదయం 7:15

గాలి అన్నారు కాబట్టి: షేడ్ నెట్లు వదులుగా ఉన్నవాళ్లు ఇప్పుడే బిగించుకోండి. మొదటి ఈదురుగాలికి గుడ్డ చిరిగితే పర్వాలేదు, గుంజలు ఊడి కుండీల మీద పడితే పోయేది మొక్కలు.

లంక గెల (రావులపాలెం దగ్గర లంక) · మార్చి 5, రాత్రి 9:05

చాలా రోజులకు చర్చ చూశాను. మాకు మంచు లెక్కలోనే లేదు, ఉన్నదంతా గాలి గొడవే. కర్పూర చక్కెరకేళి గెల వేసి ఉంది. చెట్టు నిండా నీరే కదా, పైన గెల బరువు, ఆకులేమో తెరచాపల్లా విప్పి ఉంటాయి. తుపాను హెచ్చరికలో చెప్పే వంద కిలోమీటర్ల గాలి అక్కర్లేదు. పసుపు రంగు హెచ్చరికలో "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు" అని మామూలుగా రాస్తారే, అది చాలు గెల చెట్టు నడుము విరగడానికి.

ఈ వారం సరుగుడు బాదులు (ఊతకర్రలు) దింపాం. పాతే పద్ధతి కొత్తవాళ్ల కోసం రాస్తాను. చెట్టు గెల వైపుకే వాలి ఉంటుంది. బాదు మొదలు ఆ వైపున, చెట్టుకు మూడు అడుగుల దూరంలో ఏటవాలుగా దిగాలి. పై కొస గెల కాడ కింద మెడ దగ్గర ఆనాలి. నిటారుగా పాతి చెట్టుకు కట్టేస్తే గాలికి చెట్టు, బాదు కలిసి పడతాయి. తాడు బిగించి కట్టవద్దు, రెండు వేళ్లు దూరేంత సందు ఉంచాలి. లేకపోతే చెట్టు ఊగినప్పుడు తాడు కోసేస్తుంది. బాదులు అందరికీ సరిపోవు, ఖరీదు పెరిగింది. అందుకని గెల సగం పైన ముదిరినవాటికి ముందు పెట్టి, లేత వాటికి రెండు చెట్లను ఎదురెదురుగా నైలాను తాడుతో కలిపి కట్టాను. గట్టు వెంట అవిసె ఉన్న వైపు మూడు వరుసలకు ఏమీ పెట్టలేదు. అవిసె ఎత్తుకు పదింతల దూరం వరకు గాలి కొంత తగ్గుతుంది. ఏటా చూస్తున్నదే.

తుపాను రెండు రోజుల ముందు కబురు పెట్టి వస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి మొత్తం నేలకొరిగిన రాత్రి కూడా రేడియో చెబుతూనే ఉంది, మనమే ఆ స్థాయిలో ఊహించలేదు. వేసవి సాయంత్రపు గాలి అలా కాదు. మూడింటి దాకా ఎండ. పైరగాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఉక్క. వాయవ్యం మూల నీలిరంగు, దాని అడుగున దుమ్ము రంగు. లంకలో పశువులు తోక ఎత్తుకుని ఇంటి ముఖం పడతాయి. తర్వాత ఒంటికి చల్లగా ఒక గాలి తగులుతుంది, హాయిగా ఉంటుంది కూడా. ఆ హాయి తగిలాక మనకు మిగిలేది పది నిమిషాలు. వాన చినుకు పడేసరికి గెలలు పడిపోయి ఉంటాయి.

గాలిమర · మార్చి 5, రాత్రి 10:20

ఇంత చక్కగా మా పాఠంలో కూడా చెప్పలేదు. ఆ చల్లగాలి వాన మేఘం లోపలి నుంచి కిందికి దిగి, నేలను తాకి, మేఘం కంటే ముందుకు పరుగెత్తే గాలి. అందుకే వాన కంటే ముందు వస్తుంది.

వాయవ్యం మూల ఎందుకంటే: ఏప్రిల్లో విదర్భ, తెలంగాణ నేల కాలిపోయి అటు నుంచి పొడి పడమటి గాలి వస్తుంది. ఇటు నుంచి సముద్రపు తేమతో పైరగాలి. రెండూ కలిసే గీతనే వాతావరణ శాఖ ప్రకటనల్లో ద్రోణి అంటారు, "విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా" అని రాస్తారు చూడండి. ఆ గీత తీరం వైపు జరిగిన రోజు మనకు సాయంత్రం ఉరుములు. గీత లోపలే ఉన్న రోజు ఖమ్మం, ఏలూరు మెట్ట ప్రాంతాలకు వాన, మనకు ఉక్కపోత. పడమటి గాలి బలంగా తోసి సముద్రపు గాలిని లోపలికి రానివ్వని రోజు వాన ఉండదు, వడగాలి. తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాడ్పు అని ప్రకటిస్తారు.

మార్చి 16, 17 తేదీలకు ఒక విదేశీ వాతావరణ అంచనా నమూనా (కంప్యూటర్ లెక్క) మన తీరంలో గట్టి వాన చూపిస్తోంది. పటం పెట్టమంటారా?

దాళ్వా డైరీ · మార్చి 5, రాత్రి 10:41

వద్దు. మొదటి రోజే చెప్పాను. పన్నెండు రోజుల అవతలి వాన పటం ఊరంతా తిరుగుతుంది, రేపటికి నమూనా మారిపోతుంది, ఆ మారిన పటం ఎవరూ పంపరు. ఈలోపు ఎవరో ఒకరు భయపడి పచ్చి చేను కోసేస్తారు.

గాలిమర · మార్చి 5, రాత్రి 10:58

మాస్టారూ, దాచిపెట్టడం కూడా తప్పే కదా. చూసే పద్ధతి నేర్పితే సరిపోతుంది.

దాళ్వా డైరీ · మార్చి 5, రాత్రి 11:20

అయితే నేర్పు. ఎన్ని రోజుల ముందు మాట దేనికి పనికొస్తుందో రాయి.

గాలిమర · మార్చి 6, ఉదయం 7:30

రాస్తున్నాను. ఫిబ్రవరి చివర్లో వాతావరణ శాఖ మార్చి నుంచి మే దాకా ఎండలు మామూలు కంటే ఎక్కువో తక్కువో చెబుతుంది. అది దేశం స్థాయి మాట, మీ చేను గురించి కాదు. ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా వస్తుంది. ఏ వారంలో వాన వైపు మొగ్గు ఉందో తెలుస్తుంది, ఏ రోజో తెలియదు. కోత మిషన్ ఎప్పుడు మాట్లాడుకోవాలో ఆలోచించడానికి పనికొస్తుంది. మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా వ్యవసాయ సలహాలు వస్తాయి. అందులోని అయిదు రోజుల అంచనాను మందు కొట్టడానికి, నీరు తీయడానికి నమ్మవచ్చు. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే ఉంటుంది. ఇక సాయంత్రపు ఉరుముల వానను అయిదు రోజుల ముందు ఊరి పేరుతో ఎవరూ చెప్పలేరు. దానికి మూడు గంటల హెచ్చరిక ఒక్కటే దిక్కు. మచిలీపట్నం, విశాఖ రాడార్లు చూసి ఇస్తారు. పిడుగుకు దామిని యాప్, 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పడుతుంటే మోగుతుంది. అది మోగితే కొబ్బరి చెట్టు కింద నిలబడవద్దు, తాటి చెట్టు కింద అసలు వద్దు.

మార్చి 16 పటం నేను పెట్టడం లేదు. రాత్రి మళ్లీ చూశాను, వాన ఒడిశాకు జరిగింది.

దాళ్వా డైరీ · మార్చి 6, ఉదయం 7:44

:)

కార్తె కబురు · మార్చి 6, ఉదయం 8:10

నిన్న రాత్రి కొవ్వూరులో పైరగాలి మొదలైంది. గోదావరి మీద అలలు ఎగువకు పోతున్నాయి. పూర్వాభాద్ర ప్రవేశం ఏ రోజో పైన రాశాను, చూసుకోండి.

మెట్ట మామిడి · మార్చి 6, ఉదయం 8:30

మా దగ్గర కూడా. పొద్దున ఆరున్నరకే దారి కనిపించింది. బాబాయ్ గారికి నమస్కారం.

శివారు చేను · మార్చి 11, రాత్రి 8:00

మంచు పోయింది, మచ్చలు ఆగాయి, యూరియా వేశాను. ఇప్పుడు పైరగాలి వల్లే ఇంకో చిక్కు. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దక్షిణపు గాలి తోడైతే మురుగు కాలువలోంచి ఉప్పునీరు ఎదురెక్కుతుంది. కాలువ నీరు వంతుల మీద వస్తోంది. ఎగువ వాళ్ల వంతు అయ్యేసరికి మాకు తడే మిగులుతోంది. మోటారుతో మురుగు నీరు తోడుదామంటే నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉంది. కాలువల మీద తిరిగే అధికారి ఒకరిని అడిగితే సీలేరు నీరు వదులుతున్నారు, సర్దుకోండి అన్నారు. సర్దుకోవడానికి మా దగ్గర ఏముంది?

దాళ్వా డైరీ · మార్చి 11, రాత్రి 9:12

తోడవద్దు. మీ చేను చిరుపొట్టకు వస్తోంది. ఈ దశలో ఒక వారం పలచగా తడి ఉన్నా బతుకుతుంది, ఉప్పునీరు పెడితే కంకి పొట్టలోనే చిక్కిపోతుంది. అవతలి వాళ్లతో కలిసి మురుగు కాలువకు మట్టి కట్ట వేయించే ప్రయత్నం చేయండి. పోటు దిగాక తీసేయవచ్చు. వచ్చిన నీటిని పొట్ట, ఈనిక దశల కోసం దాచుకోవాలి, ఇప్పుడు మోకాలి లోతు పెట్టుకోవద్దు.

మీకు నేను నిజంగా భయపడుతున్నది నీటి గురించి కాదు. మీరు సంక్రాంతి తర్వాత నాటారు కాబట్టి ఈనిక మార్చి చివర్లో వస్తుంది. పువ్వు విచ్చే వేళకు 35 డిగ్రీలు దాటితే తాలు. అప్పుడు మడిలో నీరు నిలిపి ఉంచితే చేను లోపలి వేడి కొంత తగ్గుతుంది. ఇక కోత ఏప్రిల్ చివర, భరణి కార్తె. 2023లో సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా, వానలు పడి కళ్లాల్లో ధాన్యం మొలకెత్తింది. ఉగాదిలోపు ఈనిన చేలకు ఆ ఏడాది నష్టం తక్కువ.

లంక గెల · మార్చి 11, రాత్రి 9:40

మేలో పెద్ద తుపాన్లు కూడా చూశాం. 1990 మే 9న వచ్చింది, 2010 మే 20న లైలా. మే నెలను లెక్కలోంచి తీసేయకండి.

శివారు చేను · మార్చి 12, ఉదయం 6:45

భయపెట్టడం అయిందా? సరే, ఒకవేళ కోతకు ముందు వాన పడితే ఏం చేయాలో కూడా చెప్పండి. ఆడవాళ్లు ఈ చర్చ చదువుతున్నారు, రాసి పెట్టుకుంటామంటున్నారు.

దాళ్వా డైరీ · మార్చి 12, ఉదయం 7:30

రాసుకోమనండి. కోతకు పది పన్నెండు రోజుల ముందు నీరు తీసి చేను ఆరగట్టాలి. నేల మెత్తగా ఉంటే మామూలు గాలికే దుబ్బు పక్కకు ఒరుగుతుంది. యూరియా ఎక్కువ గుప్పిన చేను అందరికంటే ముందు పడుతుంది. పాలు పోసుకునే దశలో పడితే నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టాలి. గింజ గట్టిపడ్డాక పడితే లేపే కూలి దండగ, నీరు తీసేసి మిషన్ కోసం చూడటమే. మాగాణి ఆరకపోతే టైరు మిషన్ దిగదు, చైను మిషన్ కావాలి. పడిన చేనుకు గంటలు ఎక్కువ పడతాయి కాబట్టి ముందే మాట్లాడుకోండి.

వాన తడిసిన కంకి మీద మొలక రాకుండా ఉప్పు నీళ్లు చల్లాలి. లీటరుకు 50 గ్రాముల కల్లుప్పు. అంటే రెండు వందల లీటర్లకు పది కిలోలు. నూర్చిన ధాన్యం తడిస్తే, ఎండ వచ్చేదాకా క్వింటాలుకు కిలో ఉప్పు, ఇరవై కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టాలి. తర్వాత తూర్పారబడితే ఊక పోతుంది. గింజ ముక్కదు, మొలకెత్తదు. కొనుగోలులో 17 శాతం తేమ దాటితే ఎలాగూ తీసుకోరు, కాబట్టి తడి ధాన్యాన్ని బస్తాల్లో కట్టి లారీ కోసం చూస్తూ కూర్చోవద్దు. లోపల వేడెక్కి రంగు పోతుంది.

గింజలు పదింటికి తొమ్మిది బంగారు రంగుకు వస్తే కోసేయండి. పదో గింజ కోసం ఆగి మొత్తం చేను గాలికి అప్పగించిన వాళ్లను చాలామందిని చూశాను.

ఏరేటర్ · మార్చి 12, ఉదయం 9:10

ఊక కావలసిన వాళ్లు ఇప్పుడే చెప్పండి. మా ఊరి మిల్లులో పొడిగా ఉంది. ఏప్రిల్లో ఇటుక బట్టీల వాళ్లు ఎత్తుకుపోతారు.

శివారు చేను · మార్చి 12, ఉదయం 9:35

ఊక మా దగ్గరే దొరుకుతుందండి. పరదాలే లేవు. కిందటేడు మూడింటిలో రెండు ఎలుకలు కొట్టేశాయి. కొత్తవి కొందామంటే వాన వచ్చిన రోజే ధర పెంచుతారు.

లంక గెల · మార్చి 12, మధ్యాహ్నం 12:15

మా దగ్గర అయిదు టార్పాలిన్లు ఉన్నాయి, గెలల కోత వేళ తప్ప ఖాళీయే. ఏప్రిల్ ఇరవై తర్వాత వచ్చి మూడు పట్టుకెళ్లు తమ్ముడూ. తిరిగి ఇచ్చేటప్పుడు కడగకపోయినా ఫర్వాలేదు, ఎండబెట్టి మాత్రం ఇవ్వు. తడిగా మడతపెడితే నాకూ ఎలుకలే మిగులుతాయి.